ఇంటర్వ్యూ అయిపోయింది, ఫోన్ మాత్రం రాలే! రెజ్యూమ్ నుంచి ఫాలోఅప్ దాకా | మంథని నుంచి ఒక ముచ్చట

ఈ వారం ఎపిసోడ్ కరీంనగర్‌లో కాదు, మా ఊరు మంథని నుంచి చేస్తున్న. ఇంటికి వచ్చిన రెండు రోజులు సెలవు మీద. వెనకాల కుక్కర్ విజిల్ వినబడితే ఏమనుకోకండి, అమ్మ వంట చేస్తున్నది.

ఇయ్యాల టాపిక్ ఎందుకు తీసుకున్ననో ముందు చెప్త. పోయిన నెల ఒక జాబ్ మేళాలో మా ఆఫీస్ తరఫున కూర్చున్న. మధ్యాహ్నం దాటినంక ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, ఇప్పటిదాంక ఆరు ఇంటర్వ్యూలకు పోయిన. అందరూ మళ్ల చెప్తమన్నరు. ఒక్కరు కూడ చెప్పలే. నాలో ఏం తక్కువున్నదన్నా?" అని అడిగిండు. గొంతుల బాధ తెలుస్తున్నది. నేను ఒక్కటే అడిగిన, "ఆ ఆరుగురిలో ఒక్కరికన్న నువ్వు తిరిగి ఫోన్ చేసినవా?" అని. చేయలేదన్నడు. ఎందుకు చేయలే అంటే, "అడుక్కున్నట్టు ఉంటది గదన్నా" అన్నడు.

ఆ మాట వినంగనే నాకు 2019 గుర్తుకొచ్చింది. ఎందుకంటే అదే మాట నేను మా అమ్మతోటి అన్న.

నా కథ: ముప్పై రూపాయల రెజ్యూమ్

2019లో నాది బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. రెజ్యూమ్ అంటే ఏందో తెల్వది. జిరాక్స్ షాపుకు పోతే అక్కడ ఒక ఫార్మాట్ రెడీగ ఉంటది. ముప్పై రూపాయలు ఇస్తే పేరు మార్చి ప్రింట్ తీసి ఇస్తరు. మా ఊర్ల సగం మందికి అదే రెజ్యూమ్. పైన "కెరీర్ ఆబ్జెక్టివ్" అని నాలుగు లైన్ల బరువైన ఇంగ్లీష్, కింద హాబీలు: క్రికెట్ ఆడుడు, పాటలు వినుడు. చివర్ల "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని డిక్లరేషన్.

ఆ ఫార్మాట్ ఎప్పటిదో తెలుసా? మన పెద్దపల్లి జిల్లా ఏర్పడ్డది 2016 అక్టోబర్ 11న. మూడేండ్లు దాటినా నా రెజ్యూమ్‌ల ఇంకా కరీంనగర్ జిల్లానే ఉన్నది. నేను చూసుకోలే. ఇంకో సంగతి చెప్తే నవ్వుతరు. తండ్రి పేరు దగ్గర నాకంటే ముందు ప్రింట్ తీసుకున్న పిలగాని నాయిన పేరు ఉన్నది! అట్లనే పది చోట్లకు పంపిన.

ఎట్లనో హైదరాబాద్‌ల ఒక కంపెనీ పిలిచింది. మంథనికి రైలు లేదు గదా, పెద్దపల్లి దాంక బస్సు, ఆడికెళ్లి రైలు. మా నాయిన చేతిల పదిహేను వందలు పెట్టిండు. అప్పుడే పత్తి ఏరిన కూలీలకు ఇయ్యాల్సిన పైసలు అవి, నాకు తెలుసు. ఇంటర్వ్యూ మంచిగనే అయింది. మేడమ్ నవ్వుకుంట, "మేం మళ్ల చెప్తం" అన్నరు. సంతోషంగ ఇంటికొచ్చిన.

వారం అయింది, ఫోన్ లేదు. పది రోజులైంది, లేదు. "ఒక్కసారి నువ్వే ఫోన్ చేసి అడుగు బిడ్డా" అని మా అమ్మ అన్నది. నేను కోపం చేసిన. "అడుక్కున్నట్టు ఉంటదమ్మా, కావాలంటే వాళ్లే చేస్తరు" అన్న.

నెల రోజులైనంక కరీంనగర్ బస్టాండ్‌ల ఒక పిలగాడు కలిసిండు. ఆ రోజు నాతోపాటే ఇంటర్వ్యూకు కూర్చున్నోడు. మెడల కంపెనీ ఐడీ కార్డు ఉన్నది. "నువ్వు ఎందుకు జాయిన్ కాలే? మేడమ్ నీకు రెండు మూడు సార్లు ఫోన్ చేసిందట, కలవలేదట. నీ నంబర్ నా దగ్గర ఉన్నదా అని నన్ను కూడ అడిగింది" అన్నడు.

అప్పుడు అర్థమైంది. నా సిమ్ రీచార్జ్ అయిపోయింది. ఇన్‌కమింగ్ బంద్ అయింది. ఇంట్ల వైఫై లేదు, ఫ్రెండ్ హాట్‌స్పాట్ మీద వాట్సాప్ నడుస్తున్నది కాబట్టి ఫోన్ పనిచేస్తున్నదనే అనుకుంటున్న. బస్టాండ్‌ల నిలబడే రీచార్జ్ చేపిచ్చి మేడమ్‌కు ఫోన్ చేసిన. "సారీ, ఆ పోస్ట్ నిండిపోయింది" అన్నరు. ఆమె తప్పేం లేదు. ఇంటికొచ్చి నాయినకు చెప్తే ఒక్క మాట అనలే. చేనుకు పోయిండు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత గుర్తుండకపోవు.

రీచార్జ్ అయిపోవుడు ఒక తప్పు. కానీ పదో రోజు నేను పక్కింటోళ్ల ఫోన్ నుంచైనా ఒక్క కాల్ చేసి ఉంటే ఆ ఉద్యోగం నాదే. ఇయ్యాల మీతో చెప్పాలనుకున్న అసలు మాట ఇదే.

ఇప్పుడు టేబుల్ అవతలి దిక్కు నుంచి

ఇప్పుడు నేను కరీంనగర్‌ల ఒక చిన్న స్టాఫింగ్ ఆఫీస్‌ల పనిచేస్తున్న. కంపెనీలకు మనుషులను వెతికి ఇచ్చుడు మా పని. అంటే రోజూ రెజ్యూమ్‌లు చూసేది నేనే. అవతలి దిక్కు కూర్చుంటే కొన్ని విషయాలు మస్తు క్లియర్‌గ కనబడ్తయి.

మొదటిది, టైమ్. 2018లో ల్యాడర్స్ అనే అమెరికా జాబ్ సైట్ వాళ్లు రిక్రూటర్ల కళ్లు ఎటు తిరుగుతున్నయో చూసి లెక్క కట్టిన్రు. ఒక రెజ్యూమ్ మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లు అని తేలింది. మన దగ్గర కూడ దాదాపు అంతే, నా అనుభవంల. పేరు, చదువు, ఇంతకుముందు ఏం చేసిండు, ఏ ఊరు. ఇవి దొరికితే ఆగుతం, దొరకకపోతే కిందికి జరుపుతం.

రెండోది, మేము మర్చిపోతం. ఒక్కో పోస్ట్‌కు యాభై మందితో మాట్లాడినంక మీ ముఖం గుర్తుండదు. పై సార్ సెలవుల ఉంటడు, ఫైల్ ఆగుతది, ఇంకో అర్జెంట్ పని వస్తది. మీకు ఫోన్ రాలేదంటే మీరు పనికిరారని కాదు. చాలాసార్లు దాని అర్థం, ఆ ఫైల్ ఎక్కడనో కింద పడి ఉన్నదని. దాన్ని మళ్ల పైకి తెచ్చేదే ఫాలోఅప్.

రెజ్యూమ్: వాళ్లకు ఏం కావాలో అది ముందు

ఒక పాత ముచ్చట చెప్త. లియొనార్డో డావిన్సీ తెలుసు గదా, మోనాలిసా వేసినాయన. 1482 ప్రాంతంల ఆయన మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు పని ఇయ్యమని ఒక ఉత్తరం రాసిండు. చాలామంది దాన్ని ప్రపంచంల మొదటి రెజ్యూమ్ అంటరు. అందుల ఆయన ఏం రాసిండు? సైన్యం మోసుకపోయే తేలికైన వంతెనలు కడత, ఫిరంగులు చేస్త, కోటలు కూల్చే ఉపాయాలు తెలుసు అని. బొమ్మలు వేస్త అన్న మాట దాదాపు చివర్ల ఉంటది. ఎందుకంటే ఆ పాలకునికి అప్పుడు కావాల్సింది యుద్ధ సామాను. అంత పెద్ద కళాకారుడు కూడ తన గొప్పలు కాదు, ఎదుటోని అవసరం ముందు రాసిండు. మనం నేర్చుకోవాల్సింది అదే.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

ఒకటి, ఒక్క పేజీ చాలు. ఫ్రెషర్‌కు రెండు పేజీలు అక్కర లేదు. పైన పేరు పెద్దగ, కింద ఫోన్ నంబర్, మెయిల్, ఊరు. తండ్రి పేరు, కులం, మతం, పెండ్లి అయిందా లేదా, ఇవన్నీ తీసెయ్యండి. జాయినింగ్ ఫారంల అడిగితే అప్పుడు ఇయ్యొచ్చు. డిక్లరేషన్ కూడ అవసరం లేదు. అడిగితే తప్ప ఫొటో పెట్టకండి.

రెండు, మెయిల్ ఐడీ. ఇంటర్ చదివేటప్పుడు హీరో పేరు మీద పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటది చూడండి, అది ఫ్రెండ్స్‌కు ఉంచుకోండి. ఉద్యోగాల కోసం మీ పేరుతోటి కొత్తది ఒకటి తెరవండి. అయిదు నిమిషాల పని.

మూడు, ఆబ్జెక్టివ్ తీసేసి రెండు లైన్ల పరిచయం రాయండి. "సవాళ్లతో కూడిన సంస్థలో ఎదగాలని కోరిక" అంటే నాకు మీ గురించి ఏం తెలిసింది? ఏం తెల్వలే. అదే, "బీకాం కంప్యూటర్స్, ట్యాలీ, జీఎస్టీ బిల్లింగ్ వచ్చు, రెండు సీజన్లు షాపుల పనిచేసిన, వెంటనే జాయిన్ కాగలను" అని ఉంటే నేను ఆగి చదువుత.

నాలుగు, ఇది ముఖ్యం, మీరు చేసిన పనిని చిన్నచూపు చూడకండి. మొన్న ఒక చెల్లె వచ్చింది. రెజ్యూమ్‌ల అనుభవం దగ్గర "లేదు" అని రాసింది. మాట్లాడితే తెలిసింది, వడ్ల కొనుగోలు సెంటర్‌ల రెండు సీజన్లు ట్యాబ్‌ల ఎంట్రీలు చేసిందట. రైతుల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు, బస్తాల లెక్క. అది డేటా ఎంట్రీ కాదా? పైగా ఒక్క నంబర్ తప్పు పడ్డా రైతుకు పైసలు ఆగుతయి, అంత జాగ్రత్తగ చేసిన పని. మీ సేవల కూర్చున్నా, ఎరువుల దుకాణంల బిల్లులు కొట్టినా, మొబైల్ షాపుల రిపేర్ చేసినా, పిల్లలకు ట్యూషన్ చెప్పినా అదంతా పనే. ఎక్కడ, ఎన్ని నెలలు, ఏం చేసిన్రు, రోజుకు ఎంత. ఈ నాలుగు రాయండి. "హార్డ్ వర్కర్" అని రాసుడు కంటే "సీజన్‌ల రోజుకు ఎనభై బిల్లులు" అని రాస్తే నేనే అనుకుంట, వీడు కష్టపడ్తడని. మీ లెక్క ఎంతుంటే అంతే రాయండి, పెంచి రాయకండి.

డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఇంకో మాట. మన చుట్టూ సింగరేణి ఉన్నది, రామగుండం ఎన్టీపీసీ ఉన్నది, ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నది. అప్రెంటిస్‌షిప్ చేసి ఉంటే ఏ మెషిన్ మీద చేసిన్రో, ఏ సెక్షనో పేరుతో సహా రాయండి. ఉత్త "అప్రెంటిస్" అంటే సరిపోదు. సెంటినరీ కాలనీల జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలైతే ప్రాజెక్టుల మీ వాటా ఎంతో రాయండి. నలుగురు కలిసి చేసిన దాంట్ల మీరు ఏం చేసిన్రన్నదే ఇంటర్వ్యూల అడిగేది.

అయిదు, ఫోన్‌లనే చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. గూగుల్ డాక్స్ ఫ్రీ. అందుల టైప్ చేసి పీడీఎఫ్ చేయండి. రంగురంగుల టెంప్లేట్లు, రెండు కాలమ్‌లు, స్కిల్స్‌కు స్టార్ రేటింగులు వద్దు. పెద్ద కంపెనీలల రెజ్యూమ్‌ను మొదట సాఫ్ట్‌వేర్ చదువుతది. అది బొమ్మలను, డబ్బాలను సరిగ చదవలేకపోవచ్చు. ఒక చిన్న టెస్ట్ చెప్త. మీ పీడీఎఫ్ తెరిచి, అందుల అక్షరాల మీద వేలు పెట్టి నొక్కి పట్టండి. అక్షరాలు సెలెక్ట్ అయి కాపీ అయితే ఓకే. కాకపోతే అది ఉత్త ఫొటో. ప్రింట్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్లు ఉన్నరు, దయచేసి అది చేయకండి.

ఫైల్ పేరు కూడ చూసుకోండి. "ఫైనల్ ఫైనల్ కొత్తది 3" అని రోజుకు పది వస్తయి నాకు. మీ పేరు, పోస్ట్ పేరు పెట్టండి. పంపే ముందు మీ వాట్సాప్‌కే పంపుకొని, వేరే ఫోన్‌ల తెరిచి చూడండి.

గ్యాప్ ఉంటే దాచకండి

మన తెలంగాణ పిల్లలకు ఇది పెద్ద భయం. "అన్నా, మూడేండ్లు గ్రూప్స్‌కు ప్రిపేర్ అయిన, రెజ్యూమ్‌ల ఆ గ్యాప్ ఎట్ల కవర్ చేయాలె?" అని. కొంతమంది ఆ మూడేండ్లు ఎక్కడనో పనిచేసినట్టు దొంగ సర్టిఫికెట్ పెడ్తరు. అది చేయకండి. పీఎఫ్ రికార్డు చూస్తే ఎప్పుడు ఎక్కడ పనిచేసిన్రో తెలిసిపోతది. జాయిన్ అయినంక దొరికితే ఉద్యోగం పోతది, పేరు కూడ పోతది.

అసలు ఆ గ్యాప్‌కు సిగ్గు పడాల్సిన పని ఏమున్నది? గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌ల పెట్టిన్రు, పేపర్ లీక్ అయిందని 2023 మార్చిల రద్దు చేసిన్రు. 2023 జూన్‌ల మళ్ల పెట్టిన్రు, అది కూడ రద్దయింది. అందుల పిల్లల తప్పేమున్నది? ఒక్క లైన్ రాయండి, "2021 నుంచి 2023 దాంక పోటీ పరీక్షల ప్రిపరేషన్" అని. ఇంటర్వ్యూల అడిగితే తల దించకుండ చెప్పండి, "సార్, ప్రిపేర్ అయిన, రాలే. అందులకెళ్లి కూర్చొని చదివే అలవాటు, లెక్కల మీద పట్టు వచ్చింది. ఇప్పుడు ప్రైవేట్ ఉద్యోగం చేయాలని నిర్ణయించుకున్న." చాలు. వాళ్ల అసలు అనుమానం వేరే ఉంటది. రేపు మళ్ల నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతడా అని. దానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలె.

ఇంగ్లీష్, కంప్యూటర్ రాదని భయపడేవాళ్లకు ఒక మాట. మన మంథని నుంచి 1957ల మొదటిసారి ఎమ్మెల్యే అయి వరుసగ నాలుగు సార్లు గెలిచిన పీవీ నరసింహారావు గారు, అరవై దాటినంక కంప్యూటర్ నేర్చుకున్నరు. టైపింగ్‌తోటి ఆగలే, ప్రోగ్రామింగ్ దాంక పోయిన్రు. ఇరవై రెండేండ్ల మనకు ఎక్సెల్ రాదంటే ఎట్ల?

ఇంటర్వ్యూ రూమ్ నుంచి బయటికొచ్చే ముందు

ఫాలోఅప్ ఇంటికొచ్చినంక మొదలు కాదు, ఆ రూమ్‌లనే మొదలైతది. లేచే ముందు రెండు ప్రశ్నలు అడగండి. "మేడమ్, రిజల్ట్ దాదాపు ఎప్పటి వరకు తెలుస్తుంది?" ఇంకోటి, "దాని గురించి నేను ఎవరికి మెసేజ్ చేయాలి?" ఇట్ల అడిగితే ఎవ్వరూ కోపం చేయరు. వాళ్లు "శుక్రవారం" అన్నరనుకోండి, ఇగ మీకు ఒక తేదీ దొరికింది. శుక్రవారం దాంక నిమ్మళంగ ఉండొచ్చు, ఆ తర్వాత అడిగే హక్కు మీకున్నది.

బయటికి రాంగనే ఒక నోట్‌బుక్‌ల గానీ ఫోన్ నోట్స్‌ల గానీ రాసుకోండి. కంపెనీ పేరు, పోస్ట్, మాట్లాడినాయన పేరు, తేదీ, ఏం అడిగిన్రు, మళ్ల ఎప్పుడు అడగాలె. ఆరు చోట్లకు పోయినంక ఎవరు ఏం చెప్పిన్రో మనకే గుర్తుండదు.

ఫాలోఅప్: మూడు మెసేజ్‌లు, అంతే

మొదటి మెసేజ్ అదే రోజు సాయంత్రం లేదా తెల్లారి పొద్దున. థ్యాంక్స్ చెప్పుడు. మెయిల్ ఇచ్చిన్రంటే మెయిల్, వాట్సాప్ నంబర్ ఇచ్చిన్రంటే వాట్సాప్. ఇట్ల రాయొచ్చు:

"గుడ్ ఈవెనింగ్ మేడమ్. నేను ఇవాళ ఉదయం బిల్లింగ్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు ఇంటర్వ్యూకు వచ్చాను. మీ సమయానికి థ్యాంక్స్. మీరు జీఎస్టీ రిటర్న్స్ గురించి అడిగారు, అప్పుడు పూర్తిగా చెప్పలేకపోయాను, ఇంటికి వచ్చి చదివాను. ఈ పని చేయడానికి నాకు ఆసక్తి ఉంది." కింద పేరు, ఫోన్ నంబర్.

చూసిన్రా, అయిదారు లైన్లు. అందుల ఆ రోజు జరిగిన ఒక సంగతి గుర్తు చేసిన. దాంతోటి ఆమెకు మీ ముఖం గుర్తుకొస్తది. ఇంగ్లీష్‌ల రాయాలంటే ఇదే చిన్న చిన్న వాక్యాలల్ల రాయండి. ఏఐతోటి రాపిచ్చుకుంటే తప్పు లేదు కానీ, మీరు మాట్లాడే ఇంగ్లీష్‌కు ఆ మెసేజ్‌కు పొంతన ఉండాలె. లేకపోతే తర్వాతి రౌండ్‌ల దొరికిపోతరు.

రెండో మెసేజ్, వాళ్లు చెప్పిన తేదీ దాటి రెండు పనిదినాలైనంక. తేదీ చెప్పకపోతే వారం తర్వాత. "నమస్తే మేడమ్, పోయిన సోమవారం ఇంటర్వ్యూకు వచ్చాను. శుక్రవారం తెలుస్తుందన్నారు. ఏమైనా నిర్ణయం అయిందా? ఇంకేమైనా డాక్యుమెంట్లు కావాలంటే పంపిస్తాను." ఇంతే. దీనికి జవాబు రాకపోతే తెల్లారి ఆఫీస్ టైమ్‌ల ఒక్క కాల్. పొద్దున పదకొండు నుంచి పన్నెండు మధ్య, లేదా మధ్యాహ్నం మూడు తర్వాత. ఫోన్ ఎత్తంగనే మీ పేరు, పోస్ట్, తేదీ చెప్పి, "మాట్లాడొచ్చా మేడమ్?" అని అడగండి.

మూడోది ఇంకో వారం ఆగి. దానికి కూడ జవాబు లేకపోతే ఆపేయండి. రోజూ "సార్ ఎనీ అప్‌డేట్?" అని పెట్టుడు, ఉత్త "హాయ్" పెట్టి వదిలేసుడు, రాత్రి పది గంటలకు కాల్ చేసుడు, ఇవి ఫాలోఅప్ కావు. మూడుసార్లు మర్యాదగ అడిగినంక మన పని మనం చేసినట్టే. ఇంకో చోటికి పోదాం. అసలు ఒక కంపెనీ జవాబు కోసం మిగతా అప్లికేషన్లు ఆపొద్దు.

రాలేదు అని చెప్పినా ఒక మెసేజ్ పెట్టండి. "చెప్పినందుకు థ్యాంక్స్ మేడమ్. నేను ఏం మెరుగుపరుచుకోవాలో ఒక్క మాట చెప్తే సంతోషం. మళ్లీ ఖాళీ వస్తే గుర్తుంచుకోండి." జాయిన్ అవుతనన్నోడు రాకుండ పోవుడు మా దగ్గర మామూలు. అప్పుడు లిస్ట్‌ల కింద ఉన్నోళ్లల్ల ముందు గుర్తొచ్చేది ఈ మెసేజ్ పెట్టినోడే.

ఒక తేడా గమనించండి. ఇదంతా ప్రైవేట్ ఉద్యోగాలకు. గవర్నమెంట్, సింగరేణి నోటిఫికేషన్లకు ఫోన్ చేస్తే పని కాదు. అక్కడ ఫాలోఅప్ అంటే వెబ్‌సైట్ చూసుడు, హాల్ టికెట్ టైమ్‌కు దింపుకొనుడు, సర్టిఫికెట్లు రెడీగ ఉంచుకొనుడు. "లోపల మనిషి ఉన్నడు" అని ఎవ్వరన్నా చెప్తే ఆడికెళ్లి లేచి రండి.

మీ ఫోన్ మీ ఆఫీస్

ఉద్యోగం వెతికినన్ని రోజులు మీ ఫోన్ నంబరే మీ అడ్రస్. నా లెక్క మోసపోకండి. రీచార్జ్ ఎప్పుడు అయిపోతదో అలారం పెట్టుకోండి. పైసలకు ఇబ్బంది ఉంటే తిండి ఖర్చు తర్వాత మొదటి ఖర్చు అదే. రెజ్యూమ్‌ల రెండో నంబర్ ఇంట్ల వాళ్లది ఇయ్యండి. ఇచ్చినంక వాళ్లకు చెప్పండి, "కంపెనీ నుంచి ఫోన్ వస్తే పేరు, నంబర్ రాసిపెట్టమ్మా" అని. తెల్వని నంబర్ అని కట్ చేయకండి. మెయిల్‌ల స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి, ఇంటర్వ్యూ లెటర్లు అందుల కూడ పడ్తయి. వాట్సాప్ డీపీ, స్టేటస్ కూడ ఒకసారి చూసుకోండి, మెసేజ్ పెట్టినప్పుడు మొదట కనబడేది అదే.

ఉద్యోగాలు వెతకడానికి ఫ్రీగ దొరికే దారులు ఉన్నయి. మన రాష్ట్ర ప్రభుత్వానిది డీట్ అని డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ ఉన్నది, కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్. స్కిల్స్ కోసం టాస్క్ ఉన్నది. అన్నిట్ల రిజిస్టర్ అయి పెట్టుకోండి.

పైసలు అడిగితే ఆగండి

ఇది చెప్పకుండ ఎపిసోడ్ ముగించలేను. ఫాలోఅప్ చేసే పిల్లలు ఆశతోటి ఉంటరు, ఆ ఆశ మీదనే మోసగాళ్లు బతుకుతరు. "సెలెక్ట్ అయినవ్, ట్రైనింగ్ కిట్‌కు మూడు వేలు కట్టు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అయిదు వేలు" అంటరు. నిజమైన కంపెనీ జీతం ఇస్తది, మీ దగ్గర తీసుకోదు. ఇంటర్వ్యూ లేకుండ ఆఫర్ లెటర్ వచ్చిందంటే అనుమానించండి. ఓటీపీ ఎవ్వరికీ చెప్పకండి. పైసలు పోయినయంటే ఆలస్యం చేయకుండ 1930కి కాల్ చేయండి.

గల్ఫ్‌కు పోయేవాళ్లు మన జిల్లాలల్ల ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ సర్వీస్ చార్జ్ కింద తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రూల్‌కు విరుద్ధం. ఏజెంట్‌కు లైసెన్స్ ఉన్నదా లేదా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల చూడొచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల కంపెనీ ఉన్నది. విజిట్ వీసా మీద పంపిస్త, అక్కడికి పోయినంక మారుస్త అంటే పోకండి. అప్పు చేసి పోయి అక్కడ ఇరుక్కుంటే ఇంట్ల వాళ్లు ఏడుస్తరు.

చివరి మాట

జాబ్ మేళాల కలిసిన ఆ తమ్ముని ముచ్చట చెప్పి ముగిస్త. ఆ రోజు నా టేబుల్ దగ్గరనే కూర్చోబెట్టి ఆరు కంపెనీలకు ఆరు మెసేజ్‌లు రాపిచ్చిన. ఒకరి పేరు కూడ సరిగ గుర్తు లేదు వానికి. అయినా పంపిండు. మూడింటికి జవాబే రాలే. ఇద్దరు పోస్ట్ నిండిందన్నరు. ఒక్కరు మాత్రం, "ఈ బ్యాచ్ అయిపోయింది, వచ్చే నెల ఇంకో బ్యాచ్ ఉన్నది, సర్టిఫికెట్లు తీసుకొని రండి" అన్నరట. ఉద్యోగం వచ్చిందని నేను చెప్తలేను. ఇంకా రాలే. కానీ నిన్న మాట్లాడినప్పుడు వాని గొంతు వేరే ఉన్నది. "నాలో ఏం తక్కువున్నది" అని అడగలే. "ఏ తేదీకి పోవాలెనన్నా, ఏమేం పట్టుకపోవాలె" అని అడిగిండు.

అడుక్కొనుడు అంటే మనది కానిదాన్ని అడుగుడు. మీరు చదివిన్రు, చార్జీలు పెట్టుకొని పోయిన్రు, వాళ్ల ముందు కూర్చొని జవాబులు చెప్పిన్రు. దాని ఫలితం ఏమైందని అడుగుడు మీ హక్కు. మర్యాదగ అడగండి, సమయం చూసి అడగండి, కానీ అడగండి.

ఈ వీడియో అయిపోంగనే మూడు పనులు చేయండి. ఒకటి, మీ రెజ్యూమ్ తెరిచి ఫోన్ నంబర్, జిల్లా పేరు, నాయిన పేరు చూడండి. నవ్వకండి, చూడండి. రెండు, రీచార్జ్ చివరి తేదీ చూడండి. మూడు, ఇంతకుముందు ఇంటర్వ్యూకు పోయి జవాబు రాని చోటికి ఇయ్యాలనే ఒక్క మెసేజ్ పెట్టండి.

ఉపయోగపడ్తదనుకుంటే ఉద్యోగం వెతుకుతున్న మీ దోస్తుకు ఈ లింక్ పంపండి. వచ్చే వారం మొదటి జీతం స్లిప్‌ల ఏమేం కటింగ్‌లు ఉంటయో, అవి ఎందుకు కోస్తరో మాట్లాడుకుందాం. అమ్మ అన్నానికి పిలుస్తున్నది, ఇగ ఉంట మరి. నమస్తే.